‘సుఖవ్యాధి’ అన్న మాట

ముప్పై నాలుగేళ్లు తెలుగు చెప్పినవాణ్ణి. పద్యంలో శృంగారం తగిలినప్పుడల్లా “ఇది పరీక్షకు రాదు” అని పుట తిప్పించిన పండితులలో నేనూ ఒకణ్ణి. అటువంటివాడు ఈ విషయం ఎత్తుకున్నాడేమిటని చదువరులు విస్తుపోవచ్చు.

కారణం మా అమ్మాయి. ఫిలడెల్ఫియాలో కౌమారవయస్కుల మానసిక చికిత్సాలయంలో నర్సు. 2022 వేసవిలో ఆమె ఇంట ఉన్నప్పుడు, ఒక రాత్రి భోజనాల వేళ, తన వద్దకు వచ్చే పిల్లలలో ఎక్కువమంది నల్లజాతివారనీ, కుంగుబాటుకు మందిచ్చే చోటనే కండోము సంగతి కూడా చెప్పవలసి ఉంటుందనీ అన్నది. “అయ్యో, సుఖవ్యాధుల గురించి వాళ్లకు తెలియదా?” అన్నాను.

“తెలియక కాదు నాన్నగారూ. ప్రశ్నపత్రం ఇస్తే చక్కగా రాస్తారు. ఆ క్షణాన ఆ చదువు అక్కరకు రాదు.”

ఆమె వివరించగా నాకు బోధపడినది ఇది. కుంగుబాటులో ఉన్న పిల్ల “వద్దు” అంటే ఉన్న ఒక్క తోడూ పోతుందేమోనని వెరుస్తుంది. ఉన్మాదపు పొంగులో ఉన్న కుర్రవాడికి అపాయమే కానరాదు. అందుచేత ఆ బోధన శరీరంతో గాక మనస్సుతో ఆరంభమవుతుంది. కోపమో దిగులో ఎంత వేడెక్కినదో తానే గుర్తించడం, ఆ వేడి చల్లారేదాకా అక్కడినుండి తొలగడం, కండోము మాట ఎలా ఎత్తాలో నోటితో అనిపించి అలవాటు చేయడం. (మేము పద్యాలు వల్లె వేయించలేదూ, అలాగే.) మనోవ్యాధిగల నల్లజాతి కౌమారుల కొరకే పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ నర్సింగ్ విభాగంలో ఉండగా బ్రిజెట్ బ్రానర్ అనే ఆచార్యురాలు ‘ప్రాజెక్ట్ గోల్డ్’ పేరిట ఇటువంటి పాఠ్యక్రమం రూపొందించారు.

“వాళ్లకు వేరే పాఠమెందుకు?” అని అడిగాను. అమెరికా జనాభాలో నల్లజాతివారు సుమారు 13 శాతం. 2019లో కొత్తగా హెచ్‌ఐవీ నిర్ధారణ అయినవారిలో 42 శాతం. వాళ్లు ఎక్కువ తప్పు చేస్తారని కాదు. చుట్టూ చికిత్స అందని వ్యాధి ఎక్కువగా ఉన్నప్పుడు, అందరూ చేసే తప్పుకే వారు ఎక్కువ మూల్యం చెల్లిస్తారు. పైగా వైద్యుల మీద నమ్మకం ఏనాడో చెడింది. అలబామాలోని టస్కీగీలో 1932 నుండి 1972 వరకు ప్రభుత్వ వైద్యులే సుమారు 400 మంది నల్లజాతి పురుషుల సిఫిలిస్‌ను, పెన్సిలిన్ వచ్చిన తరువాత కూడా, నయం చేయక గమనిస్తూ కూర్చున్నారు. ఆ కథ విని పెరిగిన అమ్మమ్మ మనవరాలిని రక్తపరీక్షకు పంపడానికి సంకోచించదా మరి?

హెచ్‌ఐవీ రాకుండా ముందుగానే వేసుకునే మాత్రను 2018లో, కనీసం 35 కిలోల బరువున్న కౌమారులకూ అనుమతించారు. కాని మంచం దిగడానికే ఓపిక లేని పిల్ల రోజూ మాత్ర మింగుతుందా? 2021లో రెండు నెలలకొక సూది, 2025లో ఆరు నెలలకొక సూది వచ్చాయి. మిగతా వ్యాధులకు కండోమూ, పరీక్షలూ తప్పవు.

ఆ రాత్రి అమ్మాయి నా మాట ఒకటి పట్టుకుంది. “సుఖవ్యాధి అంటారేమిటి నాన్నగారూ? నా దగ్గరకు వచ్చేవాళ్లలో సుఖపడినవాళ్లు ఎందరని?” విగ్రహవాక్యం చెప్పబోయి ఆగిపోయాను. సుఖము వలన వ్యాధి, పంచమీ తత్పురుషం. వ్యాకరణం సరే, నింద ఆ సమాసంలోనే ఉంది.

“మీ విద్యార్థులెవరూ అడగలేదా?” అన్నది.

ఒకడు అడిగాడు. 1996లో. పదవ తరగతి, ఎవరితోనూ కలవని పిల్లవాడు. బడి వదిలాక ఆగి, “మాస్టారూ, సవాయి అంటే ఏమిటండీ?” అన్నాడు. సిఫిలిస్‌కు మా వైపు పల్లెల్లో మాట అది. దిద్దుతున్న పుస్తకాల నుండి తల ఎత్తకుండానే “నిఘంటువు చూసుకో” అన్నాను. వాడికెందుకు కావలసివచ్చిందో అడగలేదు.