ఐదింటికి వచ్చిన కూలీ

సండే స్కూల్లో ఉపమానం చెప్పి, వెంటనే 'దీని భావం ఏంటంటే' అన్నారో, పిల్లలు ఇక వినరు. హైదరాబాద్‌లో మా చర్చిలో మూడు, నాలుగు తరగతుల పిల్లలకు చెప్తుంటా కాబట్టి ఇది నాకు బాగా తెలుసు.

మత్తయి సువార్త 20వ అధ్యాయంలో ద్రాక్షతోట కూలీల కథ ఉంది. పొద్దున్నే వచ్చినవాళ్లకీ, సాయంత్రం ఐదింటికి వచ్చినవాళ్లకీ యజమాని ఒకటే కూలి ఇస్తాడు: ఒక దేనారం, అంటే అప్పటి రోజు కూలి. ఇది విన్నారంటే పిల్లలకు ఎక్కడలేని కోపం. 'అన్యాయం అన్నా!' అని ఒకటే గోల. (హైక్‌లప్పుడు మా ఆఫీసులోనూ ఇదే గోల.)

మొన్న ఒక బాబు మాత్రం అరవలేదు. వాళ్ల నాన్న రోజూ అడ్డా మీద నిలబడే కూలీ. 'పొద్దటి నుంచి ఎవరూ పిలవకపోతే, ఉత్త చేతుల్తో ఇంటికెట్ల పోతడన్నా?' అన్నాడు.

తప్పిపోయిన గొర్రె కథైతే బొమ్మలతో చెప్పేయొచ్చు. దీన్ని మాత్రం పిల్లల్నే వాదించుకోనివ్వాలి. కథలో యజమాని కూడా, సణిగిన కూలీలను ఎదురు ప్రశ్నలే అడుగుతాడు. అందుకే నేను భావం చెప్పలేదు. క్లాసు అయిపోయినా గొడవ తెగలేదు. 'పొద్దున వచ్చినాయనకి కనీసం బోనస్ ఇవ్వొచ్చుగా' అని ఒక పాప, చెప్పులేసుకుంటూ కూడా ఆ బాబుతో వాదిస్తూనే ఉంది.