సినిమా చెట్టు నీడన

హైదరాబాదు వదిలి కొవ్వూరు దగ్గర మకాం పెడితే మిత్రులు నవ్వారు. "అక్కడేముందోయ్, గోదారి తప్ప!" అని. అదే కదండీ కావలసింది!

కుమారదేవం నిద్రగన్నేరు తెలియని సినీ అభిమాని ఉంటాడా? ‘పాడిపంటలు’ (1976) వంటి ఎన్ని సినిమాల్లో కనిపించిందో! డైలాగు లేదు, పారితోషికం లేదు. పొద్దుగూకితే ఆకులు ముడుచుకొని నిద్రపోయేది. ఆ నీడన గోదారిని చూస్తూ నేను ఇల్లు మరిచేవాణ్ణి.

సుమారు 150 ఏళ్ళ ఆ మహావృక్షం 2024 ఆగస్టులో, వరదల వేళ కూలిపోయింది. ఇంటిపెద్ద పోయినట్టు ఊరంతా కుమిలింది. చెట్టంటే ప్రాణమున్నవాళ్ళు పూనుకొని మొదలుకు చికిత్స చేయించారు. కొన్ని వారాలకు చిగురు తొడిగింది! ఆ లేతాకుల కబురు విన్ననాడు నాకు మొదటిరోజు మొదటాట టికెట్టు దొరికినంత సంబరం. హీరో తిరిగొచ్చాడండోయ్, ఈసారి పసివాడి వేషంలో!