మన మోటారు – మన లెక్క



సైన్సు ఫెయిర్ ప్రాజెక్టు కోసం మన తొమ్మిదో తరగతిలో 41 మందిమి తలా పది రూపాయలు వేసుకున్నాము. మొత్తం 410 రూపాయలు. అందులో కొంతమంది సబ్బులకు, కొబ్బరినూనెకు దాచుకున్న డబ్బులు ఇచ్చారని నాకు తెలుసు. అందుకని ఆ డబ్బులు దేనికి పెట్టాము, ఎందుకు పెట్టాము అనేది గోడ పత్రికలో రాస్తున్నాను. చిన్న తరగతుల వాళ్లకు కూడా ముందు ముందు పనికొస్తుంది.

మన ప్రాజెక్టు గింజలు వేసే చక్రం. మా ఊళ్లో నాన్న నాగలి దున్నుతుంటే అమ్మ వెనకాలే వంగి సాలులో మొక్కజొన్న గింజలు వేస్తాది. సాయంత్రానికి నడుం లేవదు. మన చక్రానికి చుట్టూ ఎనిమిది గుంటలు ఉంటాయి. ఒక్కో గుంట గొట్టం మీదికి వచ్చినప్పుడు గింజ కిందికి జారాలి. చక్రం సరిగ్గా ఒక గుంట దూరం జరిగి ఆగాలి, మళ్లీ జరగాలి. కాబట్టి ఏ మోటారు కొనాలి అన్నదే పెద్ద ప్రశ్న అయ్యింది.

ఆటబొమ్మల్లో ఉండే మోటారు అన్నిటికన్నా చవక. కానీ అది గిర్రున తిరుగుతుందే గాని చెప్పిన చోట ఆగదు. రెండోది సర్వో మోటారు. ఇది చెప్పిన చోట ఆగుతుంది గాని, చవకలో దొరికే చిన్న సర్వో సుమారు 180 డిగ్రీలే, అంటే సగం చుట్టే తిరుగుతుంది. మూడోది స్టెప్పర్ మోటారు. స్టెప్ అంటే అడుగు. పేరుకి తగ్గట్టే ఇది అడుగు అడుగుగా తిరుగుతుంది. లోపల ఉన్న తీగచుట్టలకు వరసగా కరెంటు ఇస్తే ఒక్కోసారికి ఒక్కో అడుగు వేస్తుంది. ఎన్ని చెబితే అన్ని అడుగులు వేసి ఆగుతుంది. మనకి కావలసింది ఇదే.

స్టెప్పర్లలో రెండు రకాలు చూశాము. ఒకటి నీమా 17. దాని ముఖం 1.7 అంగుళాలు ఉంటుంది. అడుగుకి 1.8 డిగ్రీల చొప్పున చుట్టుకి 200 అడుగులు. బలమైనది. త్రీడీ ప్రింటర్లలో వాడతారు. అయితే దానికి ఎ4988 అనే డ్రైవరు బోర్డు, 12 వోల్టుల అడాప్టరు వేరేగా కొనాలి. సార్ ధరలు చూస్తే మూడూ కలిపి వెయ్యి రూపాయలు దాటింది. రెండో రకం పేరు 28బివైజె-48. ఇది 5 వోల్టులకే నడుస్తుంది. యుఎల్ఎన్2003 డ్రైవరు బోర్డుతో కలిపి 165 రూపాయలకే వచ్చింది. బలం తక్కువ, నెమ్మదిగా తిరుగుతుంది. కానీ మనది అట్ట చక్రం, గింజలు వేసే పనికి తొందర లేదు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం ఎందుకు అని దీన్నే తీసుకున్నాము.

డ్రైవరు బోర్డు లేకుండా మోటారుని తిన్నగా ఆర్డునో ఉనోకి కలిపేస్తే ఇంకా కొన్ని డబ్బులు మిగులుతాయి కదా అని కొందరు అడిగారు. దానికి జవాబు ఇది. మోటారులో ఒక్కో తీగచుట్ట నిరోధం సుమారు 50 ఓములు. 5 వోల్టులను 50తో భాగిస్తే 0.1 ఆంపియరు, అంటే 100 మిల్లీ ఆంపియర్లు. ఉనో పిన్ను నుంచి 40 దాటి లాగితే అది పాడైపోతుంది. ఉనో ల్యాబుది, మళ్లీ కొనలేము. యుఎల్ఎన్2003 ఒక్కో దారిలో 500 వరకు మోస్తుంది. ఉనో మాట చెబుతుంది, ఆ బోర్డు బరువు మోస్తుంది.

ఇక అడుగుల లెక్క. ఈ మోటారు లోపల చుట్టుకి 32 అడుగులు. పళ్లచక్రాలు దాన్ని 64 వంతులు నెమ్మది చేస్తాయని వివరాల కాగితంలో ఉంది. 32ని 64తో గుణిస్తే 2048. ఎనిమిది గుంటలకు పంచితే గుంటకి 256, శేషం లేదు. అందరం చప్పట్లు కొట్టాము. కానీ పది చుట్లు తిరిగేసరికి గుంట గొట్టం మీద ఆగకుండా పక్కకి జరిగిపోయింది. ల్యాబులో ఇదే రకం మోటారు పాడైపోయినది ఒకటి ఉంటే, సార్‌ని అడిగి విప్పి పళ్లు లెక్కపెట్టాము. ఇద్దరిద్దరు లెక్కపెట్టి సరిచూసుకున్నారు. 32కి 9, 22కి 11, 26కి 9, 31కి 10. గుణించి భాగిస్తే 64 రాలేదు, 63.68 వచ్చింది. దాని ప్రకారం చుట్టుకి సుమారు 2038 అడుగులే. కాగితం లెక్క ప్రతి చుట్టుకీ 10 అడుగులు ఎక్కువ చెబుతోంది. అందుకని నాలుగు గుంటలకు 255, 255, 255, 254 అని, మిగతా నాలుగుకీ అలాగే రాశాము. మీరు కూడి చూసుకోండి. ఇప్పుడు యాభై చుట్లు తిప్పినా కంటికి తేడా కనపడలేదు.

పోయిన ఆదివారం మా అమ్మ నన్ను చూడ్డానికి వచ్చింది. అమ్మ బడికి పోలేదు, వేలిముద్ర వేస్తాది. చక్రం తిరగడం చాలాసేపు చూసి, "ఒక్క గింజేనా? రెండేసి వెయ్యాలి. ఒకటి మొలవకపోతే ఇంకోటి ఉంటాది" అంది. గుంటలు రెండు గింజలు పట్టేలాగ పెద్దవి చేశాము. చార్టు మీద "సలహా ఇచ్చినవారు" అనే చోట సార్ పేరు కింద మా అమ్మ పేరు రాశాము. సార్ సంతోషంగా ఒప్పుకున్నారు.

ఖర్చు: మోటారు, డ్రైవరు బోర్డు 165. జంపర్ తీగలు 55. కొరియర్ 60. మొత్తం 280. అట్ట, గొట్టం, పాత ఫోను చార్జరు ఊరికే దొరికాయి. మిగిలిన 130 రూపాయలు వార్డెన్ మేడం గారి దగ్గర ఉన్నాయి.

తలా మూడు రూపాయలు తిరిగి ఇస్తే ఇంకా 7 రూపాయలు మిగులుతాయి. లేదా ఇంకో మోటారు కొని ల్యాబులో ఉంచవచ్చు. వచ్చే ఏడు ఎనిమిదో తరగతి చెల్లెళ్లకు పనికొస్తుంది. నేనైతే మోటారే అంటాను. కానీ డబ్బులు అందరివి. మీ అభిప్రాయం చీటీ మీద రాసి శనివారం లోపల క్లాసు లీడరుకి ఇవ్వగలరు.

ఇట్లు,
మీ తోటి విద్యార్థిని, 9వ తరగతి