మిఠాయికి కారం పూసే దేశం

తీపి తింటూ కళ్లనీళ్లు పెట్టుకునే జనాన్ని మీరెప్పుడైనా చూశారా? మెక్సికోలో వీధివీధినా కనిపిస్తారు. పైగా నవ్వుతూ తింటారు!

డల్లాస్‌లో మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు, అక్కణ్ణించి విమానంలో మూడు గంటల లోపే కదా అని అందరం కలిసి మెక్సికో నగరం వెళ్లాం. పిరమిడ్లూ మ్యూజియంలూ చూశాం. వాటి గురించి రాసినవాళ్లు చాలామందే ఉన్నారు కనుక నేను మిఠాయి బజారు సంగతి చెప్తాను.

అక్కడ లా మెర్సేద్ అని బ్రహ్మాండమైన మార్కెట్టుంది. మెట్రో రైలు దిగి మెట్లెక్కితే తిన్నగా మార్కెట్టులోకే వచ్చిపడతాం. ఎండుమిరపకాయల ఘాటు గుప్పుమంది. మన సన్నమిరపకాయల్లాంటివీ, వెడల్పుగా నల్లగా ముడతలు పడినవీ, ఎన్ని రకాలో! దానికి దగ్గర్లోనే అంపూదియా అని, కేవలం మిఠాయిలకే వేరే బజారు. కొబ్బరి మిఠాయిలు, పాలతో చేసినవి, వేరుశనగ పప్పువి... తోటకూర జాతి గింజల్ని పేలాల్లా వేయించి పాకంలో పోసిన అచ్చులు కూడా ఉన్నాయి. అచ్చం మన నువ్వుజీడీలే! పేరు 'అలెగ్రియా', అంటే సంతోషమట.

ఇక కారపు మిఠాయిల వరస. మామిడిపండు ఆకారంలో, మొక్కజొన్న పొత్తు ఆకారంలో పుల్లకి గుచ్చిన బిళ్లలు. వాటి ఒంటినిండా ఎర్రగా కారప్పొడి. ముందు కారమంతా నాకితే గాని లోపలి తీపి అందదు. 'పెలోన్ పెలో రీకో' అని ఇంకోటి పిల్లలకి ప్రాణం. పెలోన్ అంటే బోడిగుండు. డబ్బా అడుగున నొక్కితే పైనున్న కన్నాల్లోంచి చింతపండు గుజ్జు, జంతికల గొట్టంలోంచి వచ్చినట్టు, సన్నటి జుట్టులా మొలుచుకొస్తుంది. మా మనవరాలు ఆ జుట్టు మొలిపించడమే గాని నోట్లో పెట్టుకుంటే ఒట్టు.

'పుల్పారిందో' మాత్రం నాకు నచ్చింది. (పేరు చూసి మన పులుపుతో చుట్టరికం కలపకండి. వాళ్ల భాషలో పుల్పా అంటే గుజ్జు.) చింతపండు, పంచదార, ఉప్పు, కారం కలిపిన చిన్న అచ్చు. ముందు ఉప్పు తగిలింది, వెంటనే పులుపుకి దవడలు లాగేశాయి, తీపి అలా వచ్చి ఇలా పోయింది, ఆ తర్వాత గొంతులో కారం రాజుకుంది. ఇందులోనే మరీ కారంది ఇంకోటుంది. మావారు "గుంటూరు వాణ్ణి నాకేమిటి?" అని అదే కొనుక్కున్నారు. రెండు నిమిషాల్లో మంచినీళ్ల సీసా ఖాళీ! నిజానికి మిరపకాయ మంట నీళ్లకి తగ్గదు. దాన్ని మండించే పదార్థం నీళ్లలో కరగదు మరి. పాలో పెరుగో పుచ్చుకుంటే తొందరగా ఊరట.

ఆ రుచి నాకు కొత్తనిపించలేదండీ. చింతపండు, ఉప్పు, బెల్లం రోట్లో దంచి పుల్లకి గుచ్చి చప్పరించని చిన్నతనం మనలో ఎవరిది? రేగివడియాల్లో పచ్చిమిరపకాయలు పడవూ? అసలు మిరపకాయ పుట్టిల్లు మెక్సికోయే. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు తెచ్చేదాకా మన వంటల్లో కారమంటే మిరియాలూ పిప్పళ్లే. చింతచెట్టేమో ఆఫ్రికాలో పుట్టినా, వేల ఏళ్లుగా మనింటి మనిషే. 'టామరిండ్' అన్న మాటకి మూలం 'హిందూదేశపు ఖర్జూరం' అనే అర్థమున్న అరబ్బీ మాట. స్పెయిన్ వాళ్ల ఓడల కాలంలో అది మెక్సికో చేరింది. వాళ్ల కారం మనం పప్పులో వేసుకున్నాం, మన చింతపండుని వాళ్లు మిఠాయి చేసుకున్నారు.

మనవరాలు ఒక కొట్లో రంగురంగుల బుల్లి మట్టికుండల్లో పెట్టిన చింతపండు గుజ్జు కావాలని మారాం చేసింది. మా అమ్మాయి ససేమిరా అంది. కారణముంది. 2004లో కాలిఫోర్నియాలో ఒక పత్రిక ఇలాంటి మిఠాయిలు చాలావాటిలో సీసం ఉందని బయటపెట్టింది. మట్టి అంటిన మిరపకాయల్ని కడక్కుండా పొడికొట్టడం, కుండల మెరుపు పూత, పైకాగితాల మీది రంగు - ఇవీ దానికి దారులు. సీసం కొద్దికొద్దిగా ఒంట్లో చేరినా పసివాళ్ల మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. 2006లో అమెరికా ప్రభుత్వం చిన్నపిల్లలు తినే మిఠాయిల్లో సీసం పది లక్షల పాళ్లలో 0.1 పాలు దాటకూడదని సూచించింది. కంపెనీలూ జాగ్రత్త పడ్డాయి. కాని ఊరూ పేరూ లేని కుండ సరుకుని నమ్మేదెలా? పిల్ల ఏడ్చినా కొనలేదు.

ఇంటికొచ్చాక చేసిపెట్టాను. గింజలూ ఈనెలూ తీసిన చింతపండు 100 గ్రాములు అరకప్పు వేడినీళ్లలో నానబెట్టి చిక్కగా గుజ్జు తియ్యండి. స్టీలు గిన్నెలో 150 గ్రాముల పంచదార, అరచెంచా ఉప్పు, ఇంట్లో కొట్టిన కారం ఒక చెంచా కలిపి, గిన్నె అంచులు వదిలేదాకా సన్నసెగ మీద తిప్పండి. చల్లారాక ఉసిరికాయంత ఉండలు చేసి పంచదారలో దొర్లించండి. పిల్లలకైతే కారం పావుచెంచా చాలు. మావారి వాటాలో రెండు చెంచాలు వేశాను, పక్కనే గ్లాసుడు మజ్జిగ పెట్టి.