కడలి లోతున... మాటల్లేని కబుర్లు

హనీమూన్ అంటే ఊటీ, కొడైకెనాల్... అన్నది పాతమాట. ఇప్పుడు కొత్తజంటలు సముద్రం అడుగుకీ వెళ్లొస్తున్నాయి. అండమాన్ దీవుల్లోని హేవ్‌లాక్‌లో స్కూబా డైవింగ్‌కి దిగాలంటే ఈత రాకపోయినా ఫర్వాలేదు. అబద్ధం మాత్రం ఆడకూడదు!

ఉదయం ఐదున్నర. మన ఊళ్లలో పాలప్యాకెట్లు కూడా రాని వేళ. హేవ్‌లాక్‌లో మాత్రం అప్పటికే ఎండ వచ్చేసింది. దేశమంతటికీ ఒకటే గడియారం. అండమాన్ ఏమో తూర్పున ఎక్కడో ఉంది. అందుకే అక్కడ సూర్యుడు మనకంటే చాలాముందు లేస్తాడు, సాయంత్రం ఐదున్నర ప్రాంతంలో దుకాణం కట్టేస్తాడు.

ఆ ఎండలో, కొబ్బరిచెట్ల కింద బల్ల దగ్గర కూర్చుందో కొత్తజంట. ఊరు రాజమండ్రి. పెళ్లయి పదకొండు రోజులు. ఆమె మెడలో పసుపుతాడు ఇంకా పచ్చగానే ఉంది. అరచేతుల్లో గోరింటాకు ఎర్రగా పండి ఉంది. అతను బ్యాంకు ఉద్యోగి. ఈ ప్రయాణం, ఈ డైవింగు అన్నీ అతని ఆలోచనే. ఆమెకు మాత్రం గుండె దడదడలాడుతోంది. గోదావరి ఒడ్డునే పుట్టింది కానీ, పుష్కరాలరేవులో మూడో మెట్టు దాటి నీళ్లలోకి దిగింది లేదు!

పేరు మారిన దీవి

అండమాన్ నికోబార్‌లో చిన్నాపెద్దా కలిపి 570కి పైగా దీవులున్నాయి. మనుషులుండేవి నలభై కూడా లేవు. వాటిల్లో పర్యాటకులు ఎక్కువగా వెళ్లేది హేవ్‌లాక్‌కే. బ్రిటిష్ సేనాని హెన్రీ హేవ్‌లాక్ పేరుతో ఉన్న ఈ దీవికి 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు పెట్టారు. 2024లో పోర్ట్‌బ్లెయిర్ కూడా శ్రీవిజయపురం అయింది. ఫెర్రీ ఎక్కేవాళ్ల నోట మాత్రం పాతపేర్లే వినిపిస్తుంటాయి.

ఈ దీవిలో ఊళ్ల పేర్లు వింటే ముచ్చటేస్తుంది... గోవింద్‌నగర్, శ్యామ్‌నగర్, కృష్ణానగర్, రాధానగర్! దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబాలు ఇక్కడ అడవి కొట్టుకుని, వరి, కొబ్బరి వేసుకుని స్థిరపడ్డాయి. ఇక మన తెలుగువాళ్లకీ అండమాన్ కొత్తేం కాదు. శ్రీకాకుళం వైపు నుంచి చేపలవేటకీ కూలిపనులకీ వెళ్లినవాళ్లు అక్కడే ఉండిపోయారు. 2011 లెక్కల ప్రకారం అక్కడి జనాభాలో వందకి 13 మంది మాతృభాష తెలుగే. ఈ జంటకి దొరికిన ట్రైనరు కుర్రాడూ అలాంటి ఇంటివాడే. తాతది శ్రీకాకుళం జిల్లా. సగం తెలుగు, సగం హిందీలో ‘‘అక్కా, భయపడకండి. మీ చెయ్యి నేను వదల్ను’’ అని ధైర్యం చెప్పాడు.

కాగితం మీద ఓ ప్రశ్న

నీళ్లకంటే ముందు వచ్చేది కాగితం. గుండెజబ్బు ఉందా, మూర్ఛ వస్తుందా, చెవికి ఆపరేషన్ అయిందా, గర్భిణులా... అంటూ బోలెడు ప్రశ్నలు. ఆమె చకచకా టిక్కులు పెట్టేసింది. అతని పెన్ను ఓచోట ఆగిపోయింది. ‘ఆస్తమా ఉందా?’

ఉంది. చిన్నప్పట్నుంచీ. ఏడాదికి రెండు మూడుసార్లు వస్తుంది. బ్యాగు అడుగున, సాక్సుల మధ్య ఇన్‌హేలర్ దాచి ఉంది. ఆ సంగతి పక్కన కూర్చున్న భార్యకి తెలీదు. పెళ్లిచూపులప్పుడు ‘ఇప్పుడెందుకులే’ అన్నారు పెద్దలు. ఆ తర్వాత చెప్పడానికి సమయం రాలేదో, ధైర్యమే రాలేదో!

‘లేదు’ అని టిక్కు పెట్టేస్తే పోతుంది కదా అనుకునేవాళ్లూ ఉంటారు. ఆ కుర్రాడు అలాంటివాళ్లని చూసినట్లున్నాడు. పెన్ను ఆగడం గమనించి, అసలు సంగతి చెప్పాడు.

నీళ్లలో పది మీటర్ల లోతుకి వెళ్తే ఒత్తిడి పైన ఉన్నదానికి రెట్టింపవుతుంది. అక్కడ ఊపిరితిత్తుల నిండా పీల్చిన గాలి, పైకి వచ్చేసరికి రెండింతల చోటు అడుగుతుంది. ఊపిరి వదులుతూ ఉంటే ఏ ఇబ్బందీ లేదు. అందుకే స్కూబాలో మొదటి సూత్రం... ఎట్టి పరిస్థితుల్లోనూ ఊపిరి బిగపట్టకూడదు. ఆస్తమా ఉన్నవాళ్లకి అక్కడ గాలిగొట్టాలు మూసుకుపోతే బయటికి దారిలేని గాలి ఊపిరితిత్తిని చీల్చేయొచ్చు. అందుకే డాక్టరు పరీక్షచేసి సరేనంటే తప్ప దించరు.

అతను ‘ఉంది’ అని టిక్కు పెట్టాడు.

‘‘చిన్నప్పట్నుంచీ ఉంది. ముందే చెబుదామనుకున్నా. ఇంట్లో వద్దన్నారు...’’

ఆమె కాసేపు కాగితంకేసే చూసింది. ‘‘అయితే, పెళ్లిలో హోమం దగ్గర అన్నిసార్లు దగ్గింది అందుకేనా?’’ అని మాత్రం అడిగింది. అతను తలూపాడు. ఆ తర్వాత ఇద్దరూ మాట్లాడుకోలేదు.

‘‘సార్ దిగడానికి లేదక్కా. మరి మీరు..?’’ అన్నాడు కుర్రాడు. వద్దంటుందనే అనుకున్నారంతా. ఆమె లేచి నిలబడింది. ‘‘వెళ్తాను’’ అంది.

నీళ్లలో భాష వేరు

గాజులు, చెవులకున్న బుట్టలు తీసి అతని చేతిలో పెట్టింది. పసుపుతాడుని ఒంటికి అతుక్కుపోయే రబ్బరు సూట్ లోపలికి దోపుకుంది. నడుముకి సీసపు బరువులు, వీపున సిలిండరు. చాలామంది అనుకున్నట్లు అందులో ఉండేది ఆక్సిజన్ కాదు, మామూలు గాలే. దాన్ని బాగా కుదించి నింపుతారు. కావాల్సినప్పుడు కావాల్సినంత గాలిని నోటికి అందించే పరికరాన్ని 1943లో ఫ్రాన్స్‌కి చెందిన జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాన్‌లు తయారుచేశారు. సామాన్యులు సముద్రం అడుగు చూడగలుగుతున్నది ఆ పుణ్యమే.

కళ్లద్దాల లోపల ఉమ్మి రాసి కడగమన్నప్పుడు మాత్రం ‘ఛీ’ అనేసింది. అద్దానికి ఆవిరి పట్టకుండా ఉండాలంటే అంతకంటే చవకైన మందు లేదట!

మొలలోతు నీళ్లలో అరగంట పాఠం. నోటితోనే ఊపిరి తీయాలి. చెవులు నొప్పెడితే ముక్కు మూసుకుని గాలి ఊదాలి. ఇక నీళ్లలో మాటల్లేవు కాబట్టి సైగలు నేర్చుకోవాలి. బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుడితే ‘బాగానే ఉన్నా’. అరచెయ్యి అటూఇటూ ఊపితే ‘ఏదో తేడాగా ఉంది’. బొటనవేలు పైకెత్తితే ‘భేష్’ అని కాదు, ‘పైకి వెళ్లిపోదాం’ అని!

మొదటిసారి తల ముంచగానే ఆమె ఎత్తింది ఆ బొటనవేలే. రెండోసారీ అంతే. ఒడ్డున మోకాలిలోతు నీళ్లలో నిలబడి అతను చూస్తూనే ఉన్నాడు. మూడోసారి ఆమె తల మళ్లీ పైకి రాలేదు. నీటిమీద బుడగలు మాత్రం మెల్లగా దూరం జరుగుతూ పోయాయి.

ఎరుపు కనిపించని చోటు

లోపల మొదట వినిపించేది సొంత ఊపిరే. ఆ తర్వాత ఒక్కొక్కటిగా కనిపించడం మొదలవుతాయి. ముట్టుకుంటే చేపల్ని చురుక్కుమనిపించే సీఅనిమోన్ల మధ్య నారింజరంగు క్లౌన్‌ఫిష్‌లు హాయిగా దాగుడుమూతలాడుతుంటాయి. ‘నెమో’గా పిల్లలందరికీ తెలిసిన చేప ఈ జాతిదే. చిలకముక్కులాంటి నోటితో పగడపు రాళ్లని కరకరా కొరికేది చిలకచేప. అది తిని విసర్జించేదే మెత్తటి తెల్ల ఇసుక. పర్యాటకులు మురిసిపోయే తీరాల్లో దాని వాటా చాలానే ఉంది.

రాయిలా కనిపించినా పగడం రాయి కాదు. లక్షల చిన్నప్రాణుల కాలనీ. నీళ్లు వేడెక్కితే అది తనలో ఉండే నాచుని వదిలేసి తెల్లగా పాలిపోతుంది. 2010లో, మళ్లీ 2016లో అండమాన్ పగడాలకి అదే జరిగింది. కొన్ని కోలుకున్నాయి, కొన్ని బూడిదరంగు దిబ్బల్లా మిగిలాయి. అందుకే దేన్నీ ముట్టుకోవద్దనీ, కాలు మోపొద్దనీ పదేపదే చెబుతారు.

ఎనిమిది మీటర్ల లోతులో ఆమె తన చేతులకేసి చూసుకుని ఉలిక్కిపడింది. అంత ఎర్రగా పండిన గోరింటాకు నల్లబడిపోయి ఉంది! నీళ్లు ముందుగా మింగేసేది ఎరుపునే. లోతుకి వెళ్లేకొద్దీ ఎర్రనివన్నీ ముదురు గోధుమరంగులోకో, నలుపులోకో మారిపోతాయి. కుర్రాడు నడుముకున్న చిన్న టార్చి తీసి అరచేతిమీద వేశాడు. గోరింటాకు మళ్లీ ఎర్రగా మెరిసింది. రంగు ఎక్కడికీ పోలేదు, వెలుగే చాల్లేదు. ఆమె వేళ్లతో సున్నా చుట్టి చూపించింది.

ఒడ్డుకొచ్చాక...

లోపల ఉన్నది పాతిక నిమిషాలు. ఒడ్డున ఉన్నవాడికి అది పూటంత సాగింది. ఆమె బయటికి రాగానే తువ్వాలు కప్పాడు. కోపంగా ఉందో లేదో తెలీక ఏమీ అడగలేదు. ఆమే మొదలుపెట్టింది... చిలకచేప గురించి, గోరింటాకు గురించి, టార్చి గురించి. టీ చల్లారిపోయేదాకా చెబుతూనే ఉంది.

సాయంత్రం ఇద్దరూ దీవికి రెండోవైపున్న రాధానగర్ తీరానికెళ్లారు. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మేటి బీచ్‌గా మెచ్చుకున్నది దీన్నే. సూర్యుడు నీళ్లలో దిగుతుండగా ఆమె అడిగింది...

‘‘ఆ మందు ఎక్కడ పెట్టారు?’’

‘‘బ్యాగులో. సాక్సుల కింద.’’

‘‘ఇలా ఇవ్వండి. నా హ్యాండ్‌బ్యాగులో ఉంటుంది. రాత్రిపూట వస్తే ఏం చెయ్యాలో కూడా చెప్పండి. ఇంకేమైనా దాచారా?’’

‘‘లేదు’’ అన్నాడతను. ఆమె కాసేపు అతని ముఖంలోకి చూసింది. తర్వాత చూపుడువేలూ బొటనవేలూ కలిపి సున్నా చుట్టింది.

వెళ్లాలనుకుంటే...

* చెన్నై నుంచి శ్రీవిజయపురానికి విమానంలో రెండు గంటలకు పైగా పడుతుంది. విశాఖ నుంచి అప్పుడప్పుడూ ఓడ ఉంటుంది, దాదాపు మూడు రోజుల ప్రయాణం. అక్కణ్నుంచి స్వరాజ్ ద్వీప్‌కి ఫెర్రీలో సుమారు రెండు గంటలు.

* జనవరి నుంచి ఏప్రిల్ వరకూ సముద్రం ప్రశాంతంగా ఉంటుంది. మొదటిసారి డైవింగ్‌కి కనీస వయసు పదేళ్లు. 12 మీటర్లు దాటి తీసుకెళ్లరు.

* డైవింగ్ అయిన వెంటనే విమానం ఎక్కకూడదు. ఒకరోజు ఆగడం మేలు.

* పగడపు ముక్కల్ని జ్ఞాపకంగా తెచ్చుకోవడం నేరం.

* ఆరోగ్యం గురించి అడిగే కాగితంలో నిజమే రాయండి. వీలైతే, పెళ్లిచూపుల్లోనే!