తెరచాప నిదానం

క్రొయేషియా తీరాన దీవులు, దిబ్బలు కలిపి 1,200కు పైగా ఉన్నాయి. స్ప్లిట్ రేవు నుంచి హ్వార్ దీవికి కటమరాన్ ఫెర్రీ ఓ గంటలో చేరుస్తుంటే తెరచాప పడవెక్కడం దేనికి? నిజమే, 5 నాట్ల వేగమంటే గంటకు 9 కిలోమీటర్లు, సైకిల్ నయం. అయితే ఆ నిదానమే దీవుల్ని దీవులుగా చూపిస్తుంది. దూరాన ఒకే కొండలా ఉన్నది దగ్గరయ్యేకొద్దీ రెండుగా విడిపోయి, నడుమ నీలిపాయను బయటపెడుతుంది. కోర్నాటి దీవుల బోడిగుట్టల మీద సున్నం, అడుసు లేకుండా ఉత్త రాళ్లు పేర్చి కట్టిన గోడలు వాలు పొడవునా దిగి నీటి అంచున ఆగుతాయి. గొర్రెల మేతకు, ఆలివ్ తోటలకు పెట్టుకున్న హద్దులవి. మోటారు జోరులో పోయేవాడికి అవి వట్టి గీతలు.

ఇదంతా డబ్బున్నవాళ్ల కులాసా అంటారు. పడవ అద్దె సంగతికొస్తే కాదనలేను. కానీ గాలి డబ్బుకు లొంగదు. వేసవిలో మాయెస్ట్రాల్ అనే గాలి పొద్దెక్కాక వాయవ్యం నుంచి మొదలై సాయంత్రానికి సద్దుమణుగుతుంది. ఎండకు నేల వేడెక్కితేనే దానికి ఊపు. అందుకే పొద్దున్నే తొందరుండదు, రెండో కాఫీ కూడా తాగొచ్చు. బూరా అనే గాలి అలా కాదు, కొండల మీంచి ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. అప్పుడు దీవులే దిక్కు. గాలికి చాటైన మలుపు చూసుకుని, లంగరు దింపి, గొలుసు ఇంకాస్త వదిలి, అది తగ్గేదాకా కూర్చోవడమే.