బంగళాలు వచ్చేసరికే వెళ్లిపోయారా?

బంజారాహిల్స్ రోడ్ నంబర్ 10లో 2022 సెప్టెంబర్ 17న రెండు భవనాలు ప్రారంభమయ్యాయి. ఒకటి కుమ్రం భీం ఆదివాసీ భవన్, రెండోది సేవాలాల్ బంజారా భవన్. మా తండా పిల్లలు నగరానికొస్తే వాటిని చూసి సంబరపడతారు. జూబ్లీహిల్స్, ఫిలింనగర్ దాకా తిరిగొచ్చాక అడిగే మాట ఒకటే: "సార్, గుట్టలకు మన పేరే ఉంది గదా, మరి మనవాళ్ల ఇండ్లేవి?"

ఆ ప్రశ్నను ఇంగ్లీషులో అడగమంటాను. పాస్ట్ పర్ఫెక్ట్ నేర్పడానికి ఇంతకన్నా మంచి సందర్భం నాకు దొరకలేదు. గ్రామరు పుస్తకాల్లో ఎంతసేపూ డాక్టరు వచ్చేసరికి రోగి చనిపోవడమే.

పిల్లలు మొదట రాసేది "డిడ్ దే లీవ్ వెన్ ది బంగ్లాస్ కేమ్?" అని. వాక్యంలో తప్పేమీ లేదు. బంగళాలు వచ్చాయి, అప్పుడు వెళ్లారా అని అర్థం. ఎవరైనా పొమ్మన్నారా అనే అనుమానం అందులోనే ఉంది. అదే "హ్యాడ్ దే లెఫ్ట్ వెన్ ది బంగ్లాస్ కేమ్?" అంటే, బంగళాలు వచ్చేసరికే వెళ్లిపోయారా అని. అవునంటే గుట్ట అప్పటికే ఖాళీ. కట్టినవాళ్లను అడగాల్సింది ఏమీ మిగలదు.

ప్రశ్న కట్టడం సులువే. "దే హ్యాడ్ లెఫ్ట్"లో హ్యాడ్‌ను ముందుకు తెస్తే చాలు. తెలుగులో మనం చివర 'ఆ' చేరుస్తాం, ఇంగ్లీషులో మాట ముందుకు జరుగుతుంది. ఐ అయినా, షి అయినా, దే అయినా హ్యాడ్ మారదు. క్రియ మూడో రూపంలోనే ఉండాలి. వేర్, వై వంటివి హ్యాడ్‌కు ముందు నిలుస్తాయి: "వేర్ హ్యాడ్ దే గాన్?" హూ తానే కర్త అయితే వరుస మారదు: "హూ హ్యాడ్ లివ్డ్ హియర్?" కొందరు "డిడ్ దే హ్యాడ్ లెఫ్ట్" అంటారు. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవని చెబుతాను. "హ్యాడ్ దే హ్యాడ్ పట్టాస్?" అని రాస్తే మాత్రం క్లాసంతా నవ్వుతుంది. కానీ అది సరైనదే. మొదటి హ్యాడ్ ప్రశ్న కోసం, రెండోది పట్టా ఉండటం గురించి.

పట్టా అనగానే మాట పోడు వైపు మళ్లుతుంది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం గిరిజనులు 2005 డిసెంబర్ 13కు ముందే ఆ భూమిలో ఉండి ఉండాలి. "హ్యాడ్ యు ఆక్యుపైడ్ ది ల్యాండ్ బిఫోర్ దట్ డేట్?" ఇందులో బిఫోర్ ఉంది కాబట్టి డిడ్‌తో అడిగినా అర్థం చెడదు. వెన్ ఉన్నచోటే జాగ్రత్త.

"హ్యాడ్ యు క్లియర్డ్ ది ల్యాండ్ వెన్ ది సర్వే కేమ్?"
"డిడ్ యు క్లియర్ ది ల్యాండ్ వెన్ ది సర్వే కేమ్?"

మొదటిదానికి యెస్ అంటే, సర్వే నాటికే చెలక మన సాగులో ఉన్నట్టు. రెండోదానికి యెస్ అంటే, సర్వే వచ్చాక గొడ్డలి పట్టినట్టు. ఈ రెంటికీ జవాబులు పిల్లల చేత గట్టిగా పలికిస్తాను. యెస్, వి హ్యాడ్. నో, వి డిడంట్.